డాంబర్ రోడ్డు దిగాక: నావిగేషన్ యాప్ ఎంచుకోవడం, వాడటం

"అన్నా, నెట్ లేని చోట ఏ యాప్ మంచిది?" నల్లగొండ, పాలమూరు వైపు బండి మీద తిరిగే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక పేరు చెప్పి పంపించేయొచ్చు. చెబితే వాళ్లు దాన్ని దించుకుని, డాంబర్ రోడ్డు అయిపోయిన చోట మళ్లీ నాకే ఫోన్ చేస్తారు, సిగ్నల్ ఉంటే.

అసలు ఇందులో ప్రశ్నలు రెండున్నాయి. నేనెక్కడున్నాను అనేది ఒకటి, ముందు దారి ఉందా అనేది రెండోది. మొదటిదానికి ఫోన్ గట్టి జవాబే ఇస్తుంది. రెండోదానికి మ్యాప్ ఇచ్చేది సగం జవాబే, మిగతా సగం అక్కడి మనుషుల దగ్గర దొరుకుతుంది. కింద రాసిందంతా ఈ రెండింటినీ కలిపేసుకోకుండా ఎలా వెళ్లాలన్నదే.

1. ఎలాంటి దారో ముందే తేల్చుకోండి

మన దిక్కున డాంబర్ రోడ్డు దిగితే దొరికేవి ముఖ్యంగా మూడు రకాల దారులు.

ఊళ్లకూ తండాలకూ మధ్య ఉండే మట్టి రోడ్లు, బండ్ల బాటలు, కాల్వ కట్టలు మొదటి రకం. ఇక్కడ తప్పిపోయినా అరగంటలో ఎవరో ఒకరు కనిపిస్తారు.

దేవరకొండ, రాచకొండ, కోయిల్‌కొండ లాంటి కోటలు, గుట్టలు రెండో రకం. బండి కింద పెట్టి నడవాలి. తప్పితే దూరం పెద్దగా ఉండదు కానీ బండరాళ్ల మధ్య ఇరుక్కుంటారు.

నల్లమల అంచులు, కృష్ణా బ్యాక్‌వాటర్ ఒడ్డు మూడో రకం. ఇక్కడ యాప్ కంటే ముందు చూసుకోవాల్సింది అనుమతి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలి బాటలు మ్యాప్‌లో ఎంత స్పష్టంగా కనిపించినా అవి మనం తిరగడానికి కావు. అనుమతి లేకుండా లోపలికి వెళ్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది. మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. రాత్రి 8:50కి చెక్‌పోస్ట్ చేరతారని యాప్ చూపిస్తే, దాన్ని నమ్ముకుని టీకి ఆగకండి. సలేశ్వరం బాట చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే తెరుస్తారు. మిగతా రోజుల్లో మ్యాప్‌లో ఆ గీత ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

2. రెండు యాప్‌లు చాలు

పది యాప్‌లు దించుకుని ఏదీ సరిగ్గా రాని వాళ్లను చూశాను. రెండే పెట్టుకుని వాటిని బాగా నేర్చుకోండి.

గూగుల్ మ్యాప్స్: డాంబర్ రోడ్డు వరకు, పెట్రోల్ బంకు వెతకడానికి. ఏరియా దించుకుంటే నెట్ లేకున్నా కారు దారి చెబుతుంది. నడక దారి మాత్రం ఆఫ్‌లైన్‌లో చెప్పదు. దించుకున్న మ్యాప్‌కు గడువు కూడా ఉంటుంది, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి.

ఆర్గానిక్ మ్యాప్స్ లేదా ఆస్మ్‌యాండ్: డాంబర్ దిగాక ఇదే. రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తాయి. అంటే ఎవరైనా దిద్దగలిగే మ్యాప్ అన్నమాట. ఎవరో ఓపికగా గీసిన చోట కాలిబాట కూడా ఉంటుంది, ఎవరూ ముట్టుకోని చోట ఊరు పేరు కూడా సరిగ్గా ఉండదు.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఆర్గానిక్ మ్యాప్స్. ఉచితం, ప్రకటనలు లేవు, తెరవగానే అర్థమవుతుంది. ఆస్మ్‌యాండ్‌లో సెట్టింగులు సముద్రమంత ఉన్నాయి, ఉచిత వెర్షన్‌లో డౌన్‌లోడ్‌లకు లెక్క ఉంటుంది. ట్రాక్‌లతో, అంటే తిరిగిన దారిని రికార్డ్ చేసిన గీతలతో, ఎక్కువ పని ఉన్నవాళ్లకు అదే బాగుంటుంది.

గుట్టలు ఎక్కేవాళ్లకు ఇంకొకటి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 మ్యాపులు వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే దొరుకుతాయి. వాటి మీద 2 సెంటీమీటర్లు అంటే నేల మీద 1 కిలోమీటరు. చెరువులు, వాగులు, గుట్టల పేర్లు యాప్‌ల కన్నా వీటిలో నయం. రోడ్ల విషయంలో మాత్రం పాతబడి ఉండొచ్చు.

విదేశీ యూట్యూబర్లను చూసి శాటిలైట్ మెసెంజర్ కొనాలనుకునేవాళ్లు ఆగండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, మెసెంజర్లు మన దేశంలో వాడితే కేసులే.

3. ఇంట్లో, వైఫై ఉన్నప్పుడే చేయాల్సినవి

ఈ వరుసలోనే చేయండి.

1. తెలంగాణ మ్యాప్ దించుకోండి. కృష్ణ దగ్గరికి వెళ్తుంటే ఆంధ్రప్రదేశ్ మ్యాప్ కూడా. సోమశిల ఒడ్డున నిలబడి చూస్తే అవతల ఉన్నది నంద్యాల జిల్లా. ఒక్క తెలంగాణనే దించుకుంటే నది మధ్యలో మ్యాప్ తెగిపోతుంది.

2. ఎత్తు గీతలు, అంటే కాంటూర్లు చూపించే లేయర్ ఆన్ చేయండి.

3. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, లొకేషన్ ఆన్‌లో ఉంచి, మేడ మీదికో వాకిట్లోకో వెళ్లండి. నీలం చుక్క మీ ఇంటి మీదే నిలబడిందా? రెండు వీధులు నడవండి. చుక్క వెంట వస్తోందా?

చాలామంది మూడోది వదిలేస్తారు. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను ఫోనే అందుకుని లెక్క కడుతుంది. నెట్ ఉంటే ఆ లెక్క త్వరగా తేలుతుంది, అంతే. నెట్ లేని చోట మొదటి చుక్క పడటానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఇది తెలియక "యాప్ పనిచేయట్లేదు" అని ఫోన్ ఆఫ్ చేసి, ఆన్ చేసి, మళ్లీ మొదటికి తెచ్చుకుంటారు. ఆకాశం బాగా కనిపించే చోట కదలకుండా నిలబడండి, వస్తుంది.

4. దారి మీరే గీసుకోండి

ఊరి పేరు కొట్టి "స్టార్ట్" నొక్కడం డాంబర్ రోడ్డు మీది అలవాటు. మట్టిలో అది పనికిరాదు.

మొదటి చిక్కు పేర్లతోనే. వెంకటాపురాలు, రామాపురాలు, నాగారాలు జిల్లాకు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. 2016లో జిల్లాలు చీలాక కొన్ని చోట్ల పాత జిల్లా పేరే మిగిలిపోయింది. నాగర్‌కర్నూల్ జిల్లా ఊరు మహబూబ్‌నగర్ అని కనిపించడం మామూలే. ఇంగ్లిష్ స్పెల్లింగు సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే పేరుతో వెతికినా, పక్క ఊళ్లు కూడా మీరు అనుకున్నవేనా అని చూసి అప్పుడు ఖాయం చేసుకోండి.

రెండోది అక్షాంశ రేఖాంశాల అంకెలు. ఎవరైనా 16.50 అని పంపితే అది 16 డిగ్రీల 30 నిమిషాలు, 50 నిమిషాలు కాదు. ఆ 20 నిమిషాల తేడా నేల మీద 37 కిలోమీటర్లు. దశాంశ అంకెలు పంపినప్పుడు చుక్క తర్వాత కనీసం నాలుగు ఉంచండి, అప్పుడు పది పదకొండు మీటర్ల లోపు తేలుతుంది.

ఇప్పుడు అసలు పని. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, డాంబర్ అయిపోయే చోటు నుంచి మీరు చేరాల్సిన చోటు దాకా బాటను కళ్లతో నడవండి. గీత గీసి, కేఎంఎల్ ఫైల్‌గా సేవ్ చేసి, ఫోన్‌కు పంపుకుని యాప్‌లో తెరవండి. రికార్డ్ చేసిన ట్రాక్‌లను పంచుకునే జీపీఎక్స్ ఫైళ్లు కూడా ఇలాగే తెరుచుకుంటాయి. ఎవరి దగ్గరి నుంచైనా జీపీఎక్స్ తీసుకుంటే ఏ నెలలో వెళ్లారో తప్పకుండా అడగండి.

గీసేటప్పుడు ఇవి చూడండి.

చిత్రం తేదీ. సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున చందంపేట, నేరేడుగొమ్ము వైపు ఎండాకాలం చిత్రంలో చక్కటి బాటలు నీళ్ల దాకా కనిపిస్తాయి. వరద వచ్చాక అవే బాటలు నీళ్ల కింద ఉంటాయి. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, శ్రీశైలం 885. వానాకాలంలో పేపర్లో రోజూ నీటిమట్టం వేస్తారు. అది నిండుకు దగ్గరగా ఉంటే ఒడ్డు బాటలన్నీ లేనట్టే అనుకుని పైనున్న దారి గీసుకోండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు కూడా తిప్పి చూడొచ్చు. వానాకాలం ముగిశాక తీసిన చిత్రం ఒకటి దొరికితే సగం అనుమానాలు తీరతాయి.

కాల్వ. సాగర్ ఎడమ కాల్వ కట్ట మీద పోతుంటే మీ ఊరు అవతల 200 మీటర్లలో కనిపిస్తుంది. వంతెన మాత్రం మూడు కిలోమీటర్ల ముందుంటుంది. గీత కాల్వను దాటే ప్రతిచోటా బాగా దగ్గరికి జరిపి, అక్కడ నిజంగా వంతెన ఉందో లేదో చూడండి.

నేల రంగు. ఎరుపు చెల్కల్లో వాన పడ్డ మర్నాడు బండి పోతుంది. నల్లరేగడిలో ఆ ఆశ వద్దు. మడ్‌గార్డ్‌లో మట్టి ఇరుక్కుని చక్రమే తిరగదు. రేగడి మీదుగా ఉన్న ముక్కను వేరే రంగుతో గీసి పెట్టుకోండి, వాన పడితే ఆ ముక్క వదిలేయడానికి.

కడీలు. హైదరాబాద్‌కు దగ్గరైనకొద్దీ ఇది పెద్ద తలనొప్పి. నిరుడు మాల్ అనే ఊరు దాటాక ఒక బండ్ల బాట గీసుకుని వెళ్లాను. రెండు యాప్‌ల్లోనూ ఉంది, పైనుంచి తీసిన చిత్రంలోనూ ఉంది. వెళ్తే అడ్డంగా రాతి కడీలు, ముళ్లతీగ, లోపల సీసీ రోడ్లు. గొర్లు మేపుతున్న పెద్దాయన నవ్వి, "గా తొవ్వ ఎప్పుడో పాయె కొడుకా, ఎంచర్ చేసిండ్రు" అన్నాడు. ఎంచర్ అంటే ప్లాట్ల వెంచర్. ఆ చిత్రం మూడేళ్ల కిందటిదని ఇంటికొచ్చి చూసుకున్నాను.

గుర్తులు పెట్టుకోవాల్సిన చోట్లు:
- డాంబర్ అయిపోయే చోటు
- మలుపు తీసుకోవాల్సిన ప్రతి జంక్షన్
- వాగు దాటే ప్రతి చోటు
- చివరి పెట్రోల్, చివరి కిరాణా కొట్టు
- మధ్యలో వెనక్కి డాంబర్ ఎక్కగల చోట్లు

చివరిదాన్ని నేను 'తప్పించుకునే దారి' అంటాను. ప్రతి పది కిలోమీటర్లకు ఒకటి లేకపోతే ఆ రూటు ఒంటరిగా వెళ్లకండి.

ఇంకో చిట్కా. దారిలోని ఊళ్ల పేర్లు వరుసగా ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, పల్లెవెలుగు బస్సు బోర్డులా. ఫోన్ చచ్చిపోయినా ఆ కాగితం చూపించి అడగొచ్చు.

5. ఫోన్‌ను సిద్ధం చేయడం

ట్రాక్ రికార్డింగ్ మధ్యలో ఆగిపోవడం అందరికీ జరిగేదే. నాకు చందంపేట దగ్గర జరిగింది. సాయంత్రం వచ్చిన దారినే వెనక్కి పోదామని తెరిస్తే, పొద్దున్న రెండు గంటల ప్రయాణం ఒక్క అడ్డగీతగా, గుట్టల మీదుగా గీసి ఉంది. బ్యాటరీ ఆదా చేయాలని ఫోనే యాప్‌ను నిద్రపుచ్చింది. సెట్టింగుల్లో ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయండి, లొకేషన్ అనుమతి "ఎప్పుడూ" అని ఇవ్వండి. స్క్రీన్ ఆఫ్ చేసి, జేబులో పెట్టుకుని ఊరంతా ఒకసారి తిరిగి వచ్చి చూస్తే తెలిసిపోతుంది.

హ్యాండిల్ మీది హోల్డర్ గురించి రెండు మాటలు. బండి ఇంజన్ అదురుకు కెమెరాలోని స్టెబిలైజర్ దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే చెప్పింది. అదురు తగ్గించే రబ్బరు ఉన్న హోల్డర్ కొనండి, లేదా పాత ఫోన్‌ను దీనికే కేటాయించండి. సిమ్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది. నేను చేసేది ఈ రెండోదే.

ఏప్రిల్, మే ఎండలో హోల్డర్‌లోని ఫోన్ వేడెక్కి చార్జింగ్ ఆపేస్తుంది, ఆ తర్వాత తానే ఆగిపోతుంది. మధ్యాహ్నం పూట దాన్ని జేబులో పెట్టుకుని, ఇయర్‌ఫోన్ ఒక్క చెవిలో పెట్టుకుని మలుపులు వినండి.

6. దారిలో

డాంబర్ అయిపోయే చోట ఆగండి. అప్పుడు చేయాల్సినవి ఇవి.

1. చుక్క స్థిరంగా పడేదాకా చూడండి.
2. రికార్డింగ్ ఆన్ చేయండి.
3. ఫ్లైట్ మోడ్ పెట్టండి. సిగ్నల్ లేని చోట టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ అయిపోతుంది.
4. అంతకంటే ముందు, ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి.

నాలుగోది మూడోదానికి ముందే చేయాలని తెలిసినా చాలామంది వరుస తారుమారు చేస్తారు. మెసేజ్ పోకుండా ఫోన్‌లోనే ఉండిపోతుంది. అందుకే దాన్ని చివర్లో రాశాను, గుర్తుంటుందని.

తర్వాత ప్రతి జంక్షన్ దగ్గర ఆగి చుక్క గీత మీదే ఉందా అని చూడండి. బాటలు విడిపోయే చోట మొదటి వంద మీటర్లు రెండూ పక్కపక్కనే ఉంటాయి, చుక్కకు తేడా తెలియదు. ఓ రెండు వందల మీటర్లు పోయాక మళ్లీ చూడండి.

ఇక అడగడం. దీనికి యాప్ లేదు, పద్ధతి ఉంది. "ఈ దారి కొండమల్లేపల్లికి పోతదా?" అని అడిగితే ఎవరైనా "పోతది" అనే అంటారు. నడిచి పోయేవాడికి అన్ని దారులూ పోతాయి మరి. ఇలా అడగండి:

"తాతా, మల్లేపల్లికి ఎట్ల పోవాలె?"
"గిట్ల బోయి గా వాగు దాటితే గదే."
"వాగుల నీళ్లున్నయా? బండి దాటుతదా?"
"మొన్న వానకు తెగింది. ట్రాక్టర్ పోతున్నది, నీ బండి పోదు."

మూడో ప్రశ్న దాకా వెళ్లకపోతే మీకు తెలిసేది 'పోతది' ఒక్కటే. నిన్నగాని మొన్నగాని బైక్ పోయిందా, వాగులో నీళ్లెంత, దారిలో గేటుగానీ కడీలుగానీ ఉన్నాయా, ఈ మూడూ అడగండి. "ఎంత దూరం?" అని మాత్రం అడగకండి. "గిదే, దగ్గర్నే" అంటే ఒకటి కావచ్చు, ఏడు కావచ్చు. దూరం చెప్పడానికి ఫోన్ ఉంది.

ఫోన్ ఒకటి చెప్పి మనిషి ఇంకొకటి చెబితే? మీరెక్కడున్నారన్న దాంట్లో ఫోన్ మాట వినండి, దారి ఉందా లేదా అన్న దాంట్లో మనిషి మాట. ఇద్దరు వేర్వేరుగా చెబితే ట్రాక్టర్ నడిపేవాణ్ని అడగండి.

గుట్ట ఎక్కేటప్పుడు కాంటూర్లను ఎక్కువ నమ్మకండి. గీతకూ గీతకూ మధ్య 20 మీటర్లు ఉంటే, పది మీటర్ల నిలువు బండ ఆ మధ్యలో కనిపించకుండా దాక్కుంటుంది. మన గుట్టల నిండా ఉన్నవి అవే. రెండు పెద్ద బండల మధ్య చుక్క కూడా గంతులేస్తుంది, సంకేతాలు రాళ్లకు తగిలి తిరిగి వస్తాయి కాబట్టి. బయటికి వచ్చి నిలబడితే కుదురుకుంటుంది.

7. దారి తప్పామనిపిస్తే

బండి ఆపి, ఇంజన్ కట్టేయండి. నీళ్లు తాగండి. ఇది ఊరికే చెప్పడం లేదు, టెన్షన్‌లో మ్యాప్ చూస్తే తలకిందులుగా కనిపిస్తుంది.

రికార్డ్ అయిన గీతను చూసి, చివరిసారి ఖాయంగా తెలిసిన చోటికి వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. "అదిగో, రోడ్డు 400 మీటర్లే" అని చేన్ల మీదుగా అడ్డం పడకండి. ఆ 400 మీటర్లలో బావి ఉండొచ్చు, కరెంటు కంచె ఉండొచ్చు. అడవి పందుల కోసం పొలాల చుట్టూ కరెంటు పెట్టడం నేరమైనా, మనుషుల ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

చీకటి పడితే, దెబ్బ తగిలితే ఫ్లైట్ మోడ్ తీసేసి 112కు చేయండి. మీ నెట్‌వర్క్ లేకున్నా వేరే నెట్‌వర్క్ టవర్ అందితే కలిసే అవకాశం ఉంది. ముందుగా చుక్క మీద వేలు నొక్కిపెట్టి అంకెలు కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో చదివి చెప్పడానికి. డేటా రాని చోట ఎస్ఎంఎస్ పోవచ్చు, ఇంట్లోవాళ్లకు అవే అంకెలు పంపండి.

8. తరచూ వచ్చే చిక్కులు, మందులు

బాణం వెనక్కి చూపిస్తోంది: హోల్డర్‌లో అయస్కాంతం ఉందేమో తీయండి. ఫోన్‌ను గాల్లో 8 అంకెలా నాలుగుసార్లు తిప్పండి.

యాప్ మట్టి దారి చూపించక డాంబర్ మీదే తిప్పుతోంది: కారు మోడ్‌లో "మట్టి రోడ్లు వద్దు" అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉండొచ్చు. తీసేయండి. అయినా చూపకపోతే సైకిల్ మోడ్ పెట్టి చూడండి. సమయం అంచనా మాత్రం పట్టించుకోకండి.

మ్యాప్ ఖాళీగా ఉంది: దించుకున్నది పక్క రాష్ట్రానిది కావచ్చు, లేదా డౌన్‌లోడ్ సగంలో ఆగింది. దారిలో దీనికి మందు లేదు, 3వ భాగంలో చెప్పినవి ఇంట్లోనే చేయాలి.

గుంపులో అందరూ ఒక్కడి ఫోన్‌నే నమ్ముకున్నారు: గీత ఫైల్ కనీసం ఇద్దరి ఫోన్లలో ఉండాలి, ఇద్దరూ ఒకే బండి మీద కూర్చోకూడదు.

9. బయలుదేరే ముందు రోజు రాత్రి

☐ రెండు రాష్ట్రాల మ్యాపులు, ఫ్లైట్ మోడ్‌లో తెరిచి చూశాను
☐ గీత, గుర్తులు రెండు ఫోన్లలో ఉన్నాయి
☐ బ్యాటరీ పరిమితి తీసేశాను
☐ పవర్ బ్యాంకు నిండా ఉంది, కేబుల్ పనిచేస్తోంది
☐ నీటిమట్టం, వాన కబురు చూశాను
☐ అడవి వైపైతే అనుమతి, చెక్‌పోస్ట్ వేళలు తెలుసు
☐ ఊళ్ల పేర్ల కాగితం జేబులో ఉంది
☐ మనిషికి మూడు లీటర్ల నీళ్లు

10. తిరిగొచ్చాక పది నిమిషాలు

ట్రాక్‌కు నెల, సంవత్సరం కలిపి పేరు పెట్టి సేవ్ చేయండి. కడీలు పాతిన చోటు, తెగిన వాగు, కొత్త వంతెన కనిపిస్తే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దిద్దండి, లేదా ఒక నోట్ పెట్టండి. నోట్ పెట్టే వీలు ఆర్గానిక్ మ్యాప్స్‌లో కూడా ఉంది. ఎవరికైనా ట్రాక్ పంపేటప్పుడు మొదటి అర కిలోమీటరు కత్తిరించండి, లేకపోతే గీత సరిగ్గా మీ ఇంటి గేటు దగ్గర మొదలవుతుంది.